కరివేపాకు మొదట్లో పోసిన బీరు

గుండె మీద బరువు అంటారు అందరూ. నా బరువు గుండె మీద లేదు. నోట్లో ఉంది. ఆరేడేళ్ళుగా ఒక మాటను నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను. దాని మీదే అన్నం తిన్నాను, కాఫీ తాగాను, దేవుడి ముందు కూర్చుని స్తోత్రం చదువుకున్నాను. ఈ వేళ దాన్ని తీసి మీ ముందు పెడుతున్నాను. నా పేరు రాయను. పేరుతో మీకు పని లేదు.

నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని. ఇంటికొచ్చే తెలుగు పత్రికలు చదివి చదివి రాత కొంచెం కుదిరింది గానీ, ఒత్తుల దగ్గర ఇప్పటికీ తడబడతాను. అక్షరాల్లో తప్పులుంటే దిద్దుకుని చదవండి. నేను చేసిన తప్పును మాత్రం దిద్దకండి. ఉన్నది ఉన్నట్టు చూడండి.

నేను చెప్పబోయేది ఒక బీరు గురించి.

ఈ మాట రాయగానే నాకే చెయ్యి ఆగింది. మా ఇంట్లో ఆ పేరెత్తితేనే నేను కళ్ళెర్రజేసేదాన్ని. మా అల్లుడి స్నేహితులు తెచ్చుకునే సీసాలు గరాజ్ గడప దాటి లోపలికి రాకూడదు. మంచు కురుస్తున్నా సరే, కోట్లు వేసుకుని అక్కడే నిలబడి తాగేవాళ్ళు పాపం. అలాంటిదాన్ని, ఒక బీరు రుచి మీద తీర్పు చెప్పాను. తీర్పు చెప్పడం తప్పు కాదు. ఎలా చెప్పానన్నదే తప్పు.

మా ఇల్లు అమెరికాలో, డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మా అమ్మాయి సుజాత, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. అమ్మాయి పురిటికి వచ్చినదాన్ని, ఆ పుట్టిన పిల్లను వదిలి వెళ్ళలేక ఇక్కడే ఉండిపోయాను. ఆ పిల్ల నీలిమ. అందరికీ నీలు. దాన్ని నేనే పెంచాను. పెరుగు డబ్బాలు కడిగి దాచుకున్నట్టు, జిప్‌లాక్ సంచులు తిరగేసి ఆరబెట్టుకున్నట్టు, ఏదీ పారేయకుండా, ఏదీ వృథా కాకుండా పెంచాను. ముద్దు చేసి పెంచలేదు. నాకు ముద్దు చేయడం రాదు. కానీ ఒక్క పని మాత్రం దానికి ఇచ్చాను. అది ఎవరికీ ఇవ్వని పని.

మా ఇంట్లో నైవేద్యానికి వండినది దేవుడికి పెట్టేదాకా ఎవరూ రుచి చూడకూడదు. వండే మనిషి కూడా చూడకూడదు. ఉప్పు సరిపోయిందా, పులుపు తగిలిందా, అన్నీ వాసనతోనే తేల్చుకోవాలి. మా అమ్మ అలాగే వండింది, నేనూ అలాగే వండాను. పొయ్యి మీద ఉడుకుతున్న పులిహోర పులుసు ముందు నిలబడి ఒక్కసారి ఊపిరి పీలిస్తే ఉప్పు ఎంత తక్కువో చెప్పగలను. కానీ ఒక వెసులుబాటు ఉంది. పసిపిల్లల ఎంగిలి పట్టింపు లేదని మా అమ్మ అనేది. నీలుకి మాటలు వచ్చిన దగ్గర్నుంచి, వరలక్ష్మీ వ్రతానికీ వినాయక చవితికీ దాన్ని వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, అరచేతిలో చిటికెడు వేసి అడిగేదాన్ని.

అది కళ్ళు గట్టిగా మూసుకునేది. నాలుకతో అద్దుకునేది. చాలాసేపు ఆలోచించేది.

"అమ్మమ్మా, పులిహోర శాడ్‌గా ఉంది."

శాడ్ అంటే పులుపు చాల్లేదని అర్థం. నాకు తెలిసిన ఇంగ్లీషులో సగం అలా వచ్చిందే. చింతపండు ఇంకాస్త పిండితే, "ఇప్పుడు హ్యాపీ" అనేది. ఒక్కసారి కూడా దాని మాట తప్పలేదు. అది నా నాలుక. నేను చూడకూడని రుచి నాకోసం చూసి, నిజం చెప్పిన నాలుక. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నా తప్పు ఎంతదో దీన్ని బట్టే తెలుస్తుంది.

పిల్ల పెద్దదైంది. కెమికల్ ఇంజనీరింగ్ చదివింది. చదువు అయ్యాక ఒక ఏడాది పెరూ వెళ్తానంది. దక్షిణ అమెరికాలో కొండల దేశమట. అక్కడ ఒక పెద్దామె ఇంట్లో అద్దెకుంది. ఆమె పేరు హుస్తీనా. మొక్కజొన్నలతో ఏదో పులియబెట్టి అమ్మేది ఆమె. ఆమె కొడుక్కి చిన్న బీరు తయారీ ఉంది. నల్లటి బీరు. దాన్ని స్టౌట్ అంటారు. మావాళ్ళెవరికీ చెప్పకుండా ఈ పిల్ల ఆ పని నేర్చుకుంది.

తిరిగొచ్చి పెట్టె తెరిచి, ముదురు రంగు బెల్లం అచ్చొకటి నా చేతిలో పెట్టింది. "చూడు అమ్మమ్మా, వాళ్ళకీ బెల్లం ఉంది. చంకాకా అంటారు." అంచు విరిచి నోట్లో వేసుకున్నాను. మా ఊరి బెల్లమే. మూకుడు అడుగున కాస్త ఎక్కువ కాగిన బెల్లం. ఎంత సంతోషమేసిందో! దాంతో ఏం చేస్తావే అంటే నవ్వింది గానీ చెప్పలేదు.

తర్వాత బేస్‌మెంట్‌లో బియ్యం బస్తాల పక్కన పెద్ద పెద్ద గాజు జాడీలు వచ్చాయి. నా ఇనుప మూకుడు కిందికి పోయింది. బార్లీ గింజలు వేయిస్తున్న వాసన మెట్లెక్కి వచ్చేది. నేను ముక్కు మూసుకున్నాను. మా అమ్మాయి ఏడ్చింది. అల్లుడు, "ఒక ఏడాది చూద్దాం, హాబీ అనుకో" అన్నాడు. హాబీ కాదని నాకు తెలుసు. గింజలు వేయించేటప్పుడు గరిటె ఆపకుండా, మూకుడు పక్కకు వంచి, ముక్కు దగ్గర పెట్టి చూసుకునేది. అది నా పద్ధతి. నేను నేర్పినదే. దాన్ని తీసుకుపోయి బీరులో పెట్టింది. అప్పుడు నేను నిర్ఘాంతపోయాను. ఇప్పుడూ తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది, కానీ కారణం వేరు.

డెట్రాయిట్‌లో బీరు కాచి అమ్మే హోటలు ఒకటి ఉంది. దాని యజమాని నీలు చేసిన స్టౌట్ తాగి, తన హోటల్లో చేరి ఇదే చెయ్యమన్నాడట. సోమవారం సంతకం పెట్టాలి. ఆ సోమవారమే ఒక కార్ల కంపెనీ ఉద్యోగానికీ జవాబు చెప్పాలి. ఇంట్లో వారం రోజులుగా ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు.

శనివారం మధ్యాహ్నం. నేను సన్‌రూమ్‌లో, ఆ అద్దాల గదిలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. బయట మంచు. లోపల కిటికీ పక్కన నా కరివేపాకు కుండీ. నీలు వచ్చి కింద కూర్చుంది. చేతిలో ఒక సీసా. ఇంకో చేతిలో నా స్టీలు గ్లాసు, నేను రోజూ మంచినీళ్ళు తాగేది.

"అమ్మమ్మా, కోప్పడకు. ఒక్క హెల్ప్."

"కారు తోలమంటే రాదు. ఇంకేదైనా అడుగు."

నవ్వలేదు. మామూలుగా నవ్వే పిల్ల.

"ఇది టేస్ట్ చెయ్యి."

"నీకేమన్నా మతి పోయిందా? నేను బీరు తాగడమేంటే!"

"బీర్ కాదు, స్టౌట్."

"స్టౌటూ లేదు గీటూ లేదు. అవతల పెట్టు."

"ఒక్క సిప్ అమ్మమ్మా. నా ఫ్రెండ్స్ అందరూ ఆసమ్ ఆసమ్ అంటున్నారు. వాళ్ళు నా ఫ్రెండ్స్, అలాగే అంటారు. అమ్మ చూడకుండానే బాలేదు అంటుంది. నాకు ఎవరి మాటా నమ్మబుద్ధి కావట్లేదు. నువ్వు లై చెయ్యవు. నీకు చెయ్యడం రాదు కూడా."

నేను చిక్కుడుకాయ కిందపెట్టాను.

"దాని సంగతి నాకేం తెలుసే?"

"నీకు ఇంగువ డబ్బా మారిస్తే తెలుస్తుంది. నువ్వు బాగుంది అంటే మండే సైన్ చేస్తాను. బాలేదు అంటే జాబ్‌కి వెళ్తాను. ప్రామిస్. ఇంకెవర్నీ అడగను."

అని, సీసా మూత తీసింది. ముందుగా రెండు చుక్కలు కరివేపాకు కుండీలో మట్టి మీద వంచింది. ఇదేంటే అన్నాను.

"అబ్వేలా హుస్తీనా ఇలాగే చేస్తుంది. ముందు భూమికి ఇస్తుంది, తర్వాతే ఎవరైనా తాగాలి. సేమ్ నీ నైవేద్యంలాగే. షీ ఈజ్ జస్ట్ లైక్ యూ, అమ్మమ్మా. ఐ లవ్ హర్ సో మచ్."

అబ్వేలా అంటే వాళ్ళ భాషలో అమ్మమ్మ.

నీలు గ్లాసు నిండా పోసి నా చేతికిచ్చింది. కిటికీ వైపు తిరిగి కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. చిన్నప్పుడు గట్టు మీద మూసుకున్నట్టే. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుంది.

నేను గ్లాసు ఎత్తాను. మేము పెదవులు తగలకుండా ఎత్తి పోసుకుంటాం కదా, అలాగే ఎత్తాను. వాసన వచ్చింది. నా ముక్కు నాకు ఏనాడూ అబద్ధం చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు. వేగిన గింజ. బెల్లం మూకుడు అంచు. కట్టెల పొయ్యి మీద మా అమ్మ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మరగనిచ్చే ఉలవచారు. ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిచినట్టయింది. ఆ సీసాలోంచి మా అమ్మ వంటిల్లు రావడమేమిటి? అది నాకు మామూలు విషయం కాదు. భయమేసింది.

తాగలేదు.

గ్లాసు మెల్లగా పక్కకు వంచి కరివేపాకు మొదట్లో పోసేశాను. మొత్తం. నురుగు మట్టి మీద కాసేపు నిలబడి ఇంకిపోయింది. అన్నం మెతుకు కింద పడితే ఏరుకుని తినే మనిషిని, అంత గ్లాసు నేలపాలు చేశాను. కొంగుతో పెదవులు తుడుచుకున్నాను. గొంతు సవరించుకున్నాను. తాగినట్టే.

"ఊఁ?" అంది నీలు, కళ్ళు తెరవకుండా.

"మాడింది" అన్నాను.

అంతటితో ఆగలేదు. ఆగి ఉంటే బాగుండేది. ఆ ఒక్క మాటతో అది నమ్మేది కాదేమో. నమ్మేలా చెప్పాను. నాకు తెలిసిన విద్యంతా పెట్టి చెప్పాను. "వేగిన చేదు వేరు, మాడిన చేదు వేరు నీలూ. వేగిన చేదు నాలుక మీదికి వచ్చి వెళ్ళిపోతుంది. మాడిన చేదు కూర్చుంటుంది. ఇది కూర్చుంది. గింజ మాడింది. నీకు తెలియలేదు."

కళ్ళు తెరిచింది. ఏడుస్తుందనుకున్నాను. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడితే, ఇంకోసారి తాగు అంటే, ఏం చేసేదాన్నో నాకు తెలియదు. అది మాత్రం నెమ్మదిగా తలూపింది.

"నాకూ అనిపించింది అమ్మమ్మా. ఎండ్‌లో ఏదో ఉంది. ఏంటో ఫైండ్ చెయ్యలేకపోయాను. నువ్వు ఒక్క సిప్‌లో చెప్పేశావ్."

నేను దిమ్మెరపోయాను. లేని మచ్చను నేను చూపిస్తే, అది తన ఒంటి మీద వెతుక్కుని, ఇదిగో ఉందంటోంది. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. నీలు నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని, "థాంక్స్ అమ్మమ్మా, నువ్వొక్కదానివే ట్రూత్ చెప్పావ్" అంది. అడుగుదాకా తాగానని ఆ ఖాళీ గ్లాసు చూసి ఎంత మురిసిందో. వంగి నా నుదుటి మీద ముద్దు పెట్టింది. నేను నోరు మూసుకున్నాను.

ఎందుకు చేశాను?

ఈ ఒక్క ప్రశ్నకు ఇన్నేళ్ళలో ఎన్నో జవాబులు చెప్పుకున్నాను. ఆడపిల్లకు బీరు వ్యాపారమేంటని. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలని. ఇవన్నీ నిజమే, కానీ వీటికోసమైతే వద్దే అని మొహం మీద చెప్పగలిగిన మనిషిని నేను. అరిచేదాన్ని, అన్నం మానేసేదాన్ని. దొంగచాటుగా కుండీలో పోయాల్సిన అవసరం నాకేముంది? నా భర్త తాగి తాగి పోయాడు, ఆ వాసనంటే నాకు పడదు అని రాస్తే మీరు నన్ను క్షమిస్తారు. నాకు తెలుసు. కానీ ఆయన చుక్క ముట్టని మనిషి. ఆయన మీదికి తోయను.

మరి ఎందుకు? చెబుతాను. ఆ మాట ఇంతవరకు నాకు నేను కూడా పూర్తిగా చెప్పుకోలేదు.

ఆ అబ్వేలా.

ఎవరో ముక్కూమొహం తెలియని ముసలామె. ఏ కొండ మీదో కూర్చుని నా మనవరాలికి అమ్మమ్మ అయిపోయింది. నేను ఇరవై ఏళ్ళు అరచేతిలో రుచి పెట్టి తయారుచేసిన నాలుకను, ఒక్క ఏడాదిలో తీసుకుపోయింది. "జస్ట్ లైక్ యూ" అంది నీలు. ఐ లవ్ హర్ అంది. నాకు ఎప్పుడైనా అందా? అనలేదు. నేను అననిచ్చే మనిషినా? బాగుంది అని ఒక్క మాట నా నోటి నుంచి వస్తే, ఆ బాగుండటం ఆమెది అవుతుంది. అదీ నాకు కుట్టింది. అంతే. ఇంత చిన్న సంగతి. అరవై దాటిన మనిషిని, మనవరాలిని పెంచినదాన్ని, ఎన్నడూ కంటితో చూడని ఒక ముసలామె మీద కుళ్ళుకుని నా బిడ్డ చేతి పనిని మట్టిలో పోశాను.

రాశాక చూస్తే ఇది ఇంకా చిన్నదిగా కనిపిస్తోంది. ఇంత చిన్న కారణానికా అని మీరు విస్తుపోతుంటారు. నేనూ అదే.

మర్నాడు ఆదివారం. బేస్‌మెంట్‌లో నీళ్ళ చప్పుడు వినబడితే దిగి చూశాను. నీలు జాడీలన్నీ సింకులో వంపేస్తోంది. ఒకదాని తర్వాత ఒకటి. నల్లటి నీళ్ళు, గోధుమరంగు నురుగు, సింకు నిండి పైకొస్తోంది. ఇల్లంతా ఆ వాసన. మా అమ్మ వంటింటి వాసన కాలవలోకి పోతోంది. పారేయడమంటే పడని నేను మెట్ల మీద కొయ్యబారి నిలబడ్డాను. "అంతా ఎందుకే, ఉంచు" అన్నాను.

"మాడింది కదా అమ్మమ్మా. ఎవరు తాగుతారు?" అంది, వెనక్కి తిరక్కుండానే.

సోమవారం ఉద్యోగానికి ఒప్పుకుంది.

బాగానే ఉంది. ఇక్కడే పక్క ఊళ్ళో ఇల్లు కొనుక్కుంది. మా అమ్మాయి, "అమ్మా, నీ వల్లే అది దారిలో పడింది" అని నలుగురిలో చెప్పుకుంటుంది. ఆ మాట అన్నప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోతాను. దేనికి తక్కువ దానికి? నేనే ఎన్నిసార్లు అనుకున్నానో. మంచి ఉద్యోగం, మంచి ఇల్లు. నేను అబద్ధం చెప్పినందుకే ఇదంతా వచ్చిందేమో, మంచే చేశానేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకుని ఒకటి రెండేళ్ళు నిద్రపోయాను.

తర్వాత ఒక వినాయక చవితికి నీలు వచ్చింది. పులిహోర కలిపాను. ఇన్నేళ్ళ అలవాటు, పిల్ల పెద్దదైనా సరే, అరచేతిలో చిటికెడు పెట్టబోయాను. నీలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకు తెలీదు అమ్మమ్మా. అమ్మని అడుగు."

కోపంగా అనలేదు. నాకు కళ్ళు కనిపించవు అని గుడ్డివాళ్ళు చెప్పినంత మామూలుగా అంది. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. హోటల్లో ఏం కావాలంటే, నువ్వే చెప్పు అంటుంది. కూర బాగుందా అంటే, బాగానే ఉంది కదా అని మా మొహాలు చూస్తుంది. ఉప్పు ఎక్కువైన పప్పు మాట్లాడకుండా తినేసింది ఒకరోజు. నేను వేలు ముంచి చూసి అదిరిపడ్డాను. ఉప్పుకషాయం. దానికి తెలుసో తెలియదో, తెలిసినా తన నాలుకను నమ్మలేదో. నేను పారబోసింది బీరు ఒక్కటే కాదు. ఆ పిల్ల నాలుకను కోసి పారేశాను. ఏం జరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు. నీలుకి అసలే తెలియదు.

కరివేపాకు చెట్టుకు ఏమీ కాలేదు. చస్తుందేమోనని ఎదురుచూశాను, నిజం. చస్తే అదో శిక్ష అనుకుని ఊరుకునేదాన్ని. అది ఏపుగా పెరిగి కిటికీ అందుకుంది. రోజూ దాని ఆకే దూసి పోపులో వేస్తున్నాను.

ఇప్పుడు ఈ వేళ సంగతి.

మొన్న పెద్ద వాన పడి బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చాయి. బియ్యం బస్తాలు జరుపుతుంటే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ వెనక సందులో ఒక సీసా దొరికింది. దుమ్ము పట్టి ఉంది. మూత బిగుతుగా ఉంది. పారబోసినప్పుడు కంటపడక మిగిలిపోయినట్టుంది. తడిగుడ్డతో తుడిచి నా చీరల బీరువాలో పెట్టుకున్నాను. నా చీరల మధ్య బీరు సీసా! రెండు రోజులు దాని వైపు చూడలేకపోయాను.

ఈ వేళ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. సన్‌రూమ్‌లో అదే కుర్చీలో కూర్చున్నాను. అదే స్టీలు గ్లాసు. మూత తీస్తే చిన్నగా నిట్టూర్చినట్టు చప్పుడైంది. గ్లాసులో పోశాను. చీకటిలా ఉంది, అంచు మాత్రం ఎర్రగా, కాచిన బెల్లం దారంలా. ముందు రెండు చుక్కలు కుండీలో మట్టి మీద వంచాను. నా చెయ్యి తనంతట తానే వంచింది. ఎవరికి ఇచ్చానో, ఏ అమ్మమ్మ పద్ధతి పాటించానో నన్ను అడగకండి.

తర్వాత తాగాను. పెదవులు ఆనించి తాగాను.

ఏం చెప్పను? చిక్కగా ఉంది. మజ్జిగ చిక్కన కాదు, ఉలవచారు చిక్కన. ముందు తీపి నాలుక కొసకు తగిలీ తగలకుండా వచ్చింది. ఆ వెనకే కాఫీ గింజ వేయించిన పొగ. తర్వాత చేదు. మెంతి చేదులా కోసేది కాదు, కాకరకాయ వేపుడులో అంచుల దగ్గర ఇష్టంగా తినే చేదు. అది నాలుక మీదికి వచ్చింది, కాసేపు నిలబడింది, మర్యాదగా వెళ్ళిపోయింది. వెళ్ళిపోయింది! వేగిన చేదు. మాడలేదు. ఆ గింజను ఆ పిల్ల ఎంత ఓపికగా వేయించిందో, గరిటె ఎక్కడ తిప్పిందో, మంట మీంచి ఎప్పుడు దించిందో నాకు కళ్ళకు కట్టింది. కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

నిజం తెలిసింది కదా, ఇక్కడితో ఆపుదామనుకున్నాను. బాగుంది, నేను అబద్ధం చెప్పాను, అయిపోయింది. కానీ ఇంకో గుక్క తాగాను. తర్వాత ఇంకోటి. మూడో గుక్క మింగాక, చేదు వెళ్ళిపోయాక, అన్నిటికంటే చివర, ఆవగింజంత, ఏదో మిగిలింది.

మాడు.

నీళ్ళు తాగకుండా కూర్చున్నాను. అలాగే ఉంది. ఎక్కడో నాలుగు గింజలకు మూకుడు అడుగు తగిలింది. "ఎండ్‌లో ఏదో ఉంది, ఫైండ్ చెయ్యలేకపోయాను" అంది కదా నీలు. నిజమే చెప్పింది. దాని నాలుక ఆ రోజు కూడా తప్పు చెప్పలేదు. నేను తాగకుండా పెట్టిన పేరు, నిజంగానే అక్కడ ఉందా? లేక ఇన్నేళ్ళు సీసాలో ఉండి ఇప్పుడు వచ్చిందా? లేక నా నోట్లో పెట్టుకుని తిరిగిన మాటే ఇప్పుడు నాకు రుచిగా తగులుతోందా? ఎంత ఆలోచించినా తేలలేదు. ఇక తేలదు. ఆ రోజు ఆ గ్లాసు తాగి ఉంటే తేలేది.

నేను చెప్పింది అబద్ధం కాదేమో అని ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. సిగ్గు లేకుండా రాస్తున్నాను, లేచొచ్చింది. మరుక్షణమే అర్థమైంది. ఇది ఇంకా ఘోరం. ఆ రోజు నేను నిజంగా రుచి చూసి ఉంటే ఏమనేదాన్ని? నన్ను నేను ఎరుగుదును. "బాగుంది. చివర కాస్త మాడు తగిలింది. ఈసారి మంట తగ్గించు" అనేదాన్ని. అంతే. మా అమ్మాయికి కందిపొడి నేర్పినప్పుడు అలాగే అన్నాను, ఎంతమందికి నేర్పినా అలాగే అన్నాను. నీలు చప్పట్లు కొట్టి ఎగిరేది. తను వెతుకుతున్నది దొరికినందుకు ఎగిరేది. సోమవారం సంతకం పెట్టి, మంగళవారం మంట తగ్గించేది.

ఆ చిన్న మాట కోసమే అది నా దగ్గరికి వచ్చింది. ఆ చిన్న మాట చెప్పగలిగిన మనిషిని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. చెప్పలేదు.

నీలు ఈ సాయంత్రం వస్తానంది. చిక్కుడుకాయ కూర చేయమంది. గరాజ్ తలుపు చప్పుడు కోసం చెవి అటే పెట్టి రాస్తున్నాను. చెబుతానో లేదో ఇక్కడ రాయను. చెబుతానని రాసి మీ దగ్గర మంచిదాన్ననిపించుకోవడం నాకిష్టం లేదు. చెప్పినా, పోయిన నాలుక తిరిగి వస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఆ హోటలాయన ఇప్పుడు ఎక్కడున్నాడో. హుస్తీనా ఉందో లేదో.

ఒక్కటే రాస్తాను. నేను రుచి చూడలేదు. చూడకుండా తీర్పు చెప్పాను. నన్ను తప్ప ఎవరినీ నమ్మని పిల్లకు చెప్పాను. ఇన్నేళ్ళకు ఈ మాట నోట్లోంచి బయటికొచ్చింది. నోరు ఖాళీ అయినట్టుంది. తేలికగా ఉందా అంటే, కొంచెం ఉంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.

ఎంగిలి గ్లాసు క్షణం కూడా వదలను నేను. తాగిన వెంటనే కడిగి బోర్లించాలి, అది నా పద్ధతి. ఈ గ్లాసు మాత్రం కడగలేదు. అడుగున నల్లటి చార ఎండుతోంది. సీసాలో ఇంకా సగం ఉంది. రెండూ బల్ల మీదే, కరివేపాకు కుండీ పక్కన, లోపలికి వచ్చేవాళ్ళకు ముందుగా కనబడే చోటే ఉన్నాయి.